తెల్లకాగితం వేషం

కేప్ బ్రెటన్ దీవిలో మా ఊరికి
వేషాల దుకాణం లేదు.
నలభై మైళ్ళ అవతల కొట్లో
ప్లాస్టిక్ దెయ్యం కూడా ముప్పై డాలర్లు.
అందుకే అక్టోబరు ఆఖరి వారం
పిల్లలంతా లైబ్రరీ మీద పడతారు
అట్టపెట్టెల కోసం, జిగురు కోసం, నా కోసం.

నా షరతు ఒక్కటే:
హాలోవీన్ వేషం పుస్తకంలోంచి రావాలి.
రాజులూ రాకాసులూ వద్దు,
వాళ్ళకి ఎక్కడైనా పని దొరుకుతుంది.
పుస్తకంలో ఎవరూ చూడనివాళ్ళున్నారు,
వాళ్ళని తొడుక్కోండి.

ఏలీ కామా అయింది.
పాత గొడుగుగుడ్డతో వంకర తోక,
నడిచేవాళ్ళ ముందుకి దూకి
"ఆగు, కొంచెమే" అంటుంది.
తమ్ముడు రోరీ ఫుట్‌నోట్.
నెత్తిన నక్షత్రం, మోకాళ్ళ మీద నడక,
అక్క చెప్పే ప్రతి కోత కిందా
అసలు సంగతి సన్నగా చెబుతాడు.
మర్డీనా అచ్చుతప్పు:
కుడిబూటు ఎడమకాలికి, చొక్కా తిరగేసి,
"నన్ను దిద్దొద్దు" అని మెడలో పలక.
ఎనభై ఏళ్ళ డోనల్డా బామ్మ
తనకీ ఒకటి కావాలని చివరి పేజీ అయింది.
"ముందే నన్ను చూస్తే మజా పోతుంది" అంటూ
అందరి వెనకా కర్ర తాటించుకుంటూ వచ్చింది.
నేను జరిమానా చీటీని.
గులాబీ రంగు. ఎవరూ నవ్వలేదు.

కాలమ్ మాత్రం ఏమీ అడగలేదు.
వేసవి నుంచీ వాడికి మాట లేదు,
ఎందుకో ఊరందరికీ తెలుసు.
ఒక దుప్పటి తెచ్చి నిలబడ్డాడు.
దెయ్యమా? అన్నాను.
తల అడ్డంగా ఊపి
నా బల్ల మీది తెల్లకాగితం చూపించాడు.

ప్రతి గుమ్మంలోనూ
మిఠాయికి బదులు పెన్ను చాపేవాడు.
జనం ఒంగి వాడి వీపు మీద, భుజం మీద రాశారు.
"మా పిల్లి నీకంటే లావు."
"1962లో ఇలాగే గాలి వీచింది."
బేకరీ ఆవిడ బ్రెడ్డు కొలతలు మొదలెట్టి
ఉప్పు దగ్గర ఆపేసింది,
అది వాళ్ళింటి రహస్యమట.

కొండ చివరి ఇల్లు లాక్లన్‌ది.
పదకొండేళ్ళుగా మంగళవారం మంగళవారం
రెండు పుస్తకాలు తీసుకెళ్ళే మనిషి,
"బాగుంది" అని తిరిగిచ్చే మనిషి.
లావువే ఏరుకునేవాడు.

కాలమ్ పెన్ను చాపాడు.
అది ఆయన వేళ్ళ మధ్య
ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంది.
కళ్ళజోడు ఎక్కడో పెట్టానన్నాడు.
జోడు నుదుటి మీదే ఉంది.
రోరీ నోరు తెరిచాడు, సన్నగా చెప్పడానికి;
ఏలీ వాడి ముందుకి దూకింది: ఆగు.

అప్పుడు తెలిసింది నాకు.
పుస్తకం హస్తభూషణం అంటారే,
పదకొండేళ్ళుగా ఆయన చేతికి
నగలు తొడిగి పంపుతున్నాను.
అక్షరమ్ముక్క వచ్చో రాదో
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

లాక్లన్ పెన్ను తిరిగిచ్చేశాడు.
చెవి మీంచి వడ్రంగి పెన్సిల్ తీసి
గడప మీద గొంతుక్కూర్చుని
కాలమ్ గుండె మీద ఒక ముడి గీశాడు.
వలముడి. తాడు ఎటు వచ్చి ఎటు దూరుతుందో
ఒక్క పోగూ తప్పకుండా.
"లాగేకొద్దీ బిగుస్తుంది" అన్నాడు.
కాలమ్ ఆ దారంతా వేలితో నడిచాడు,
మళ్ళీ నడిచాడు.
రెండోసారి పెదవులు కదిలాయి.
గాలికి నాకు వినపడలేదు,
లాక్లన్ మాత్రం తలూపాడు.

దిగుతుంటే వాన అందుకుంది.
పిల్లీ, గాలీ, ఉప్పులేని బ్రెడ్డూ
నీలంగా కలిసి దుప్పటి అంచున కారిపోయాయి.
పెన్సిల్ గీతని వాన ఏమీ చెయ్యలేకపోయింది.
రోరీ మిఠాయిలు లెక్కపెడుతున్నాడు,
అక్కకి రెండు తక్కువ చెబుతూ.

మంగళవారం ఆయన వచ్చాడు.
బల్ల మీద రెండు లావు పుస్తకాలు పెట్టాడు.
"బాగుంది" అనలేదు.
నేను ముద్ర వెయ్యలేదు.
సొరుగులోంచి మూరెడు తాడు తీసి
ఆయన ముందుకి జరిపాను.
"ఆ ముడి నాకు రాదు" అన్నాను.